తమిళదేశపు తెలుగు ఇండ్లలో వసంతకాలపు వంట, ఆతిథ్యము

తమిళదేశమున తెలుగు మాటలాడు ఇంటిని గుర్తించుటకు సంవత్సరమున ఒక్కనాడు చాలును. చైత్రశుద్ధ పాడ్యమినాటి ఉదయమున వేపపువ్వు దూసి, కొత్త చింతపండు నానబెట్టి, కొత్త బెల్లము తరుగుచున్న ఇల్లు తెలుగువారిదై యుండును. (కన్నడిగులదైనను కావచ్చును, ఆ సంగతి ముందు చెప్పెదను.) పొరుగింట ఆనాడు పండుగ లేదు. తమిళుల సంవత్సరాది సౌరమానము ననుసరించి మేష సంక్రమణముతో, అనగా ఏప్రిల్ 14 ప్రాంతమున వచ్చును. మన ఉగాది చాంద్రమానమును బట్టి వచ్చునది గావున ఏటేటను ముందు వెనుకలగుచుండును. 2024లో రెండు పండుగలకు నడుమ 5 దినములే యెడము. 2026లో ఉగాది మార్చి 19వ తేదీన వచ్చుటచేత 26 దినముల యెడము. ఈ యెడములో మన చరిత్ర కొంత నిలిచియున్నదని నా అభిప్రాయము.

తెలుగువారు చిరకాలముగా వసించు ఇతర ప్రాంతములను దీనితో పోల్చి చూడవలెను. కర్ణాటకమున కన్నడిగులకును, షోలాపురపు తెలుగు నేతపనివారి నడుమనున్న మహారాష్ట్రులకును సంవత్సరాది మన పాడ్యమినాడే. అచట తిథి ఇరుగుపొరుగుల ఉమ్మడి సొత్తు. ఒరిస్సాలో, బరంపురము, పర్లాకిమిడి ప్రాంతములందు, తమిళదేశమునందు వలెనే పొరుగువారిది సౌరమానము. ఓఢ్రులు మేష సంక్రాంతిని పణా సంక్రాంతి యందురు. మారేడుపండు గుజ్జుతో చేసిన పానకము ఆనాటి ప్రధాన పానీయము. యానాము సంగతి వేరు. ఫ్రెంచివారి యేలుబడి 1954లో ముగియువరకును పాలకులు పరాయివారే గాని, పొరుగువారెల్లరు గోదావరీ తీరపు తెలుగువారే. కావున తిథిని కాపాడుకొనవలసిన పని తమిళదేశమునందును ఒరిస్సాయందును గల ఇల్లాండ్రకే యెక్కువగా పడినది.

మధుర నాయకుల పాలన 16వ శతాబ్దిలో నారంభమై 1736 వరకును, తంజావూరు నాయకుల పాలన 1673 వరకును సాగెను. విజయనగర కాలమునందును, ఈ నాయకుల కాలమునందును సైనికులుగా, కర్షకులుగా పలు కుటుంబములు దక్షిణమునకు వచ్చి రాజపాళయము, కోవిల్‌పట్టి, కోయంబత్తూరు ప్రాంతములలో స్థిరపడెను. హోసూరు ప్రాంతపు తెలుగువారిని మాత్రము వలస వచ్చినవారనుట సరికాదు. అది మొదటినుండియు మూడు భాషలు కలియు చోటు.

ఈ కాలపు వంటను గూర్చి మనకు లభించిన ఆధారములలో ఒకటి మిక్కిలి విలువైనది. అది వంటల పుస్తకము కాదు, ప్రబంధము. శ్రీకృష్ణదేవరాయలు (పాలనాకాలము 1509–1529) రచించిన ‘ఆముక్తమాల్యద’ కథాస్థలము శ్రీవిల్లిపుత్తూరు. నేటి రాజపాళయపు తెలుగు ఇండ్లకది కూతవేటు దూరముననే యున్నది. ప్రథమాశ్వాసమున విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువు ననుసరించి భోజనమిడిన తీరును కవి వర్ణించెను. వానకాలమునకు ఒక విధము, చలికాలమునకు మిరియపు ఘాటును వేడినేయియు గల మరియొక విధము, వేసవికి వేరొక విధము. మనకిప్పుడు కావలసినది వేసవి భోజనము. పంచాంగమున వసంతమని యుండవచ్చును గాని, మధుర సీమలో చైత్రమునాటికే ఒంటికి వేసవి.

ఆ విందులో మొదటిది తినుబండారము కాదు, చందనపు పూత. ఎండలో నడిచివచ్చిన వాని మేను చల్లార్చి, ఆ తరువాతనే విస్తరి వేయుట గృహస్థుని మర్యాద. అన్నము పొగలు గ్రక్కునది కాక గోరువెచ్చగా నుండవలెను. చారు తీపిది, అంబలి పలుచనిది. చెరకు రసము, కొబ్బరిబోండపు నీరు, పండ్లు, పరిమళము కట్టిన చన్నీరు, చివర నీరు విరివిగా పోసిన చల్ల. ఇందు నేటి ఇల్లాలు చేయలేనిది, దొరకనిది ఒక్కటియు లేదు. వేసవిలో అతిథి వచ్చినంతనే వేడివేడి పిండివంటలు వడ్డించి గొప్ప యనిపించుకొనువారు ఈ పట్టికను ఒకసారి చూడవలెనని నా మనవి.

ఆ పట్టికలోనే వడపిందెలని యొకటి కలదు. ఊరవేసిన లేత మామిడిపిందెలని దీనికి అర్థము చెప్పుదురు. తమిళులు నేటికిని మావడు, వడుమాంగాయ్ అని పిలుచు ఊరగాయ ఇట్టిదే. మాఘ ఫాల్గుణములలో దొరకు గోళీలంత పిందెలను తొడిమ కొంచెముంచి కడిగి, తడి యారనిచ్చి, చేతికి ఆముదము రాచుకొని వానిని పులుముదురు. పిదప కల్లుప్పు, ఆవపిండి, కారము, పసుపు చేర్చి జాడీలో నుంచి దినమున కొకసారి కుదుపుదురు. నీరు పోయనక్కరలేదు, ఉప్పునకు పిందెలే నీరు విడిచి ముడుతలు పడును. ఫాల్గుణమున వేసినది ఉగాది దాటిన పిదప పెరుగన్నములోనికి సిద్ధమగును. కాకినాడనుండియో గుంటూరునుండియో వచ్చు బంధువులు దీనిని అరవ ఊరగాయ యనుట కలదు. రాయలవారి విష్ణుచిత్తుని విస్తరిలో అది యున్నదని వారికి చెప్పవచ్చును.

ఇక ఉగాది పచ్చడి. మన పచ్చడిలో దేనిని పొయ్యిమీద పెట్టరు. కొత్త చింతపండు పులుసు, బెల్లము, సన్నగా తరిగిన పచ్చిమామిడి, వేపపువ్వు, ఉప్పు, కారమో మిరియపు పొడియో కలిపినచో చాలును. కొందరు అరటిపండును చేర్తురు. తమిళులు చిత్తిరై నెల మొదటినాడు చేయు మాంగాయ్ పచ్చడిలో సరకులు దాదాపుగా ఇవియే. అయితే వారు మామిడిముక్కలను ఉడికించి, బెల్లపు పాకము చేర్చి, తిరుగమోత పెట్టి, వేపపువ్వును నేతిలో వేయించి పైన చల్లుదురు. కన్నడిగులు వేపను బెల్లమును మాత్రమే కలిపి బేవు–బెల్ల యందురు. మహారాష్ట్రులు వేప చిగుళ్ళను బెల్లముతో నూరుదురు. నాలుగు జాతులకును వేప ఉమ్మడిది. పచ్చిదా, ఉడికినదా యన్నదే భేదము. మా ప్రాంతపు కొన్ని తెలుగు ఇండ్లలో ఉగాదినాడు పచ్చిది, చిత్తిరై నాడు ఉడికినది, రెండును చేయుట కలదు. దీనిని కొందరు పెద్దలు ఆచారభంగముగా నెంచుదురు గాని, నేనట్లు తలపను. ఉగాదినాడు మన ఇంటినుండి పొరుగింటికి పోయిన గిన్నె, చిత్తిరై నాడు నిండి తిరిగివచ్చును. నాయకరాజుల కోటలు పోయినను ఈ రాకపోకలు పోలేదు.

శ్రీరామనవమి విందు ఇంకను తేలిక. ఒక పాలు బెల్లమునకు నాలుగు పాళ్ళ నీరు, మిరియము, శొంఠి, ఏలకి, ఇదియే పానకము. నానిన పెసరపప్పులో కొబ్బరి తురుము, మామిడి కోరు, కొత్తిమీర చేర్చినది వడపప్పు. వీనికి నీరుమజ్జిగ తోడు. వచ్చినవారికి విసనకఱ్ఱ కానుక. పొయ్యి వెలిగింపకయే నూరుమందికి మర్యాద చేయవచ్చును.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి వంటకములకు భయము లేదని తెలియును. బొబ్బట్టునే చూడుడు. కన్నడమున ఒబ్బట్టు, హోళిగె, తమిళమున పోళి, మరాఠీలో పురణపోళి, తెలుగునాటనే ఒకచోట భక్ష్యము, ఒకచోట ఓళిగ, ఒకచోట పోలె. ఏ పేరు పోయినను వస్తువు నిలుచును. పోవునది పేరే.

తమిళనాట 2006వ సంవత్సరపు చట్టముచే 2006–07లో ఒకటవ తరగతితో మొదలై 2015–16 నాటికి పదవ తరగతి వరకును తమిళము తప్పనిసరి భాష అయినది. రాష్ట్రభాష నేర్చుట అవసరమే. అందు నాకు వివాదము లేదు. కాని తెలుగు నేర్చు గంటలు తగ్గినవి. ఇంట తెలుగు మాటలాడుచు, తెలుగు లిపి చదువలేని బాలబాలికలు నేడు పెక్కుమంది. ఒక ఉగాదికి, మీ అవ్వ చేయు పిండివంటను అడిగి వ్రాసి తెండని మా తరగతికి చెప్పితిని. చాలమంది తెలుగు మాటలను తమిళ లిపిలో వ్రాసి తెచ్చిరి. ఆ లిపిలో ప, బ లకు ఒకే అక్షరము. బెల్లము ‘పెల్లము’ అయ్యెను. బొబ్బట్టు ‘పొప్పట్టు’ అయ్యెను. వ్రాసినవారు సరిగానే పలికిరి, అది వారి అవ్వ నోటినుండి విన్న మాట గావున. వారి పిల్లలు ఆ కాగితమునుండి మాత్రమే చదివినచో ఎట్లు పలుకుదురు?

కోవిల్‌పట్టి సమీపమున ఇడైసెవల్ గ్రామమున తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ (1923–2021) తమిళమున గొప్ప కథకుడై, ఆ నల్లరేగడి సీమ తమిళ పలుకుబళ్ళకు నిఘంటువును కూర్చెను. మన ఇండ్లలోని తెలుగు పలుకుబళ్ళను గూడ అట్లు కూర్చుటకు వంటయిల్లు తగిన ఆరంభస్థానము. ఈ సంచికను చదువు ప్రతి కుటుంబమును ఈ వసంతమున చేసిన వంటలలో ఒకదానిని, పెద్దలు పలికిన మాటలతోనే, తెలుగు లిపిలో ఒక కాగితముపై వ్రాయవచ్చును. శిష్టభాషలోనికి దిద్దనక్కరలేదు. మా తరగతి కాగితములలో ఒకదానియందు ఒక బాలిక మజ్జిగకు ‘సల్ల’ యని వ్రాసినది. పాఠ్యపుస్తకమున మజ్జిగ యని యున్నదిగదా, దిద్దుదునా యని ఆమె యడిగెను. రాయలవారు విష్ణుచిత్తుని అతిథులకు పోయించినది ఆ చల్లయే గావున, వలదని చెప్పి, ప్రక్కన తెలుగు అక్షరములలో మరల వ్రాయించితిని.