పెరటి కోడి: గద్ద, గంప, టీకా

కడప జిల్లాలోని బద్వేలుకు ఒక ప్రక్క లంకమల కొండలు, తూర్పున వెలికొండలు ఉన్నవి. నడుమ ఉన్నది చాలవరకు మెట్టసీమ. ఇటువంటి ఊళ్లలో కోడికి వేరుగా మేత కొని పెట్టే ఆచారం తక్కువ. తెల్లవారగానే గంప ఎత్తుతారు. కోళ్లు పెరటిలోనికి పోయి, రాలిన గింజలు, చెదపురుగులు, లేత ఆకులు ఏరుకొని తింటవి. ప్రొద్దు గుంకగానే తిరిగి ఇల్లు చేరుతవి. ఈ తిరుగుడు వలన ఖర్చు లేదు గాని అపాయం ఉన్నది. ఆ అపాయాన్ని మనిషి ఏ విధంగా తగ్గించుకొంటూ వచ్చాడో తెలుసుకొనడం ఉపయోగకరం.

ఇంటి కోడికి మూలం ఎర్ర అడవికోడి అని 1868లో డార్విన్ వ్రాశాడు. తరువాతి పరిశోధనలు దానిని బలపరచినవి. 2008లో మరొక విశేషం తెలిసినది. పసుపురంగు చర్మాన్ని ఇచ్చే జన్యువు దక్షిణ భారతంలోని బూడిదరంగు అడవికోడి నుండి వచ్చినది. ఈ పక్షి శేషాచలం అడవులలో నేటికీ ఉన్నది. 2022లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారం, ఇంటి కోడివని నమ్మదగిన ఎముకలలో అతి ప్రాచీనమైనవి థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికినవి. వాటి కాలం క్రీ.పూ. 1650-1250. వానపై పండే వరి, చిరుధాన్యాల పొలాలే అడవికోడిని మనిషి చెంతకు రప్పించినవని ఆ శాస్త్రజ్ఞులు భావించారు. అంటే కోడికి మొదటి ఎర మెట్టపొలమే!

అడవి విడిచినా కోడి తన జాగ్రత్తను విడువలేదు. గద్ద కనబడినపుడు అది చేసే కూత ఒకటి. పిల్లి, కుక్క, ముంగిస వచ్చినపుడు చేసే కూత మరొకటి. 1993లో ఇవాన్స్, మార్లర్ మొదలగువారు ఈ కూతలను రికార్డు చేసి పెట్టలకు వినిపించారు. గద్ద కూత విన్న పెట్టలు మరుగుకు పరుగెత్తినవి. నేలమీది శత్రువును తెలిపే కూత విన్నవి మెడ నిక్కించి నలువైపులా చూచినవి. ఈ పరుగు ఫలించవలెనంటే పెరటిలో మరుగు ఉండవలెను. నాలుగు చెట్లు, ఒక పొద, ఒక పందిరి ఉన్న పెరడు బోసి పెరటికంటె క్షేమం. రాత్రివేళ కోడి కన్ను సరిగా కనదు గనుక, అపుడు గంపయే దానికి కోట.

అయితే గంపకు లొంగని శత్రువు ఒకటి ఉన్నది. 1926లో జావా దీవిలోను, ఇంగ్లండులోని న్యూకాసిల్ వద్దను కోళ్లు గుంపులుగా చచ్చినవి. 1927లో కుమావూ కొండలలోని రాణీఖేత్ వద్ద అదే ఉపద్రవం కనబడినది. ముక్తేశ్వర్ పరిశోధనాలయపు ఎడ్వర్డ్స్ దానిని వర్ణించి, ఊరి పేరే పెట్టాడు. మన పల్లెలలో దానిని కొక్కెర తెగులంటారు. రోగి రెట్టలోను, శ్వాసలోను వైరస్ వెలువడుతుంది. రోగం తగిలిన కోడిని ‘చావకముందే’ సంతలో అమ్మితే, ఒక ఊరి తెగులు పది ఊళ్లకు చేరుతుంది.

విరుగుడు కూడ ఆ కుమావూ కొండల పేరుతోనే వచ్చినది. 1940-50 మధ్య హాడో, ఇద్నానీ అనేవారు వైరస్‌ను కోడిగ్రుడ్ల పిండాలలో పదేపదే పెంచి, దాని తీవ్రతను తగ్గించి టీకా తయారుచేసే పద్ధతిని వెల్లడించారు. దానికి ముక్తేశ్వర్ రకమని పేరు. అది పెద్ద కోళ్లకు మంచి రక్షణ ఇచ్చినది గాని, ఆరు వారాలలోపు పిల్లలకు వేస్తే వాటికే ముప్పు. అందుచేత పసిపిల్లలకు మొదటివారంలో ఎఫ్, లసోటా వంటి మెత్తని రకాలను చుక్కలుగా వేసి, తరువాత ఎనిమిది వారాల ప్రాంతంలో దీనిని సూదితో ఇచ్చే పద్ధతి ఏర్పడినది.

ఎండసీమలో మరొక చిక్కు ఉన్నది. మామూలు టీకా వేడికి చెడిపోతుంది. మంచుగడ్డల పెట్టెలో తేని టీకా వేసినా వేయనట్లే. ఆస్ట్రేలియాలో స్ప్రాడ్‌బ్రో బృందం పల్లె కోళ్ల కొరకు వేడికి తట్టుకొనే ఐ-2 అనే రకాన్ని సిద్ధపరచినది ఇందుకే.

1988లో హైదరాబాదు రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధనా సంస్థ ఏర్పడినది. అక్కడ రూపొందిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు రంగు ఈకలతో పెరటికి అనువైనవి. అయినా వాటి పిల్లలను దాదాపు ఆరు వారాలు వెచ్చని చోట పెంచి, టీకాలు ముగించి, అటుపిమ్మటనే బయటకు విడువవలెనని సలహా.

కోడి గద్దను చూచి కూయగలదు. వైరస్‌ను చూడలేదు. ఆ జాగ్రత్త పెంచేవాడిదే. ఇంట కోళ్లున్న విద్యార్థులు వాటి రెండు కూతలను విని గుర్తుపట్టవచ్చును. టీకా వేసిన తేదీని గోడపై వ్రాసి ఉంచవచ్చును. అవి రెండూ శాస్త్రాభ్యాసాలే.