సువాకిన్ కావలిసేన వ్యయ మెవరిది?

ఒక దేశపు సేన సముద్రము దాటి పరదేశమున కావలి యున్నపుడు దాని జీతబత్తెములు ఎవరు భరింపవలెను? ఆంగ్లేయుల పాలనలో ఈ ప్రశ్న మన దేశమున పెక్కుమారులు తలయెత్తెను. ఒక చిన్న రేవుపట్టణపు వృత్తాంతమునుబట్టి దీనిని పరిశీలింతము.

ఎఱ్ఱసముద్రపు పడమటి తీరమున సువాకిన్ అను రేవు కలదు. 1896లో కిచెనర్ నాయకత్వమున ఈజిప్టు సైన్యము సూడానులోని డొంగోలాపై దండెత్తెను. సువాకినులో కావలియున్న ఈజిప్టు పటాలములను అటు తరలించుటకై, వాని స్థానమున మన దేశమునుండి సేనను రప్పించిరి. బెంగాలు పదాతులు, సిక్కులు, బొంబాయి ఆశ్వికులతోపాటు మన మదరాసు సాపర్లు కొందరును అచ్చటికి వెళ్లిరి.

ఖర్చు పంపకము ఇట్లుండెను. సామాన్యవ్యయము, అనగా సిపాయిల నిత్యపు జీతములు, మన ఖజానా భరింపవలెను. ప్రయాణము మొదలగు అదనపు వ్యయము మనపై పడదు. 1867 నాటి అబిసీనియా దండయాత్రకును ఈ సూత్రమునే అవలంబించిరి. ఇంట నున్నను ఆ జీతము లియ్యక తప్పదు గదా, ఇందు నష్టమేమి యని లండను మంత్రుల వాదము.

వాదము వినుటకు సొంపుగనే యున్నది. కాని అందలి మెలికను చూడుడు. ఆ సేన మన రక్షణకు అవసరమైనచో, దానిని పంపిన దినములలో మనకు లోటు కలిగినట్లే. అవసరము లేనిచో, రైతు కట్టిన శిస్తుతో దానిని ఏండ్లతరబడి పోషించుట యెందులకు? పొరుగువాని పొలము దున్నుటకు ఎద్దుల నరువిచ్చి, మేతయు మనమే మోసినట్లున్నది!

ఈ భారమును ఎల్గిన్ ప్రభువు నాయకత్వముననున్న హిందూదేశ ప్రభుత్వమే ఆక్షేపించెను. 1858 శాసనము ననుసరించి, దాడిని త్రిప్పికొట్టుటవంటి అత్యవసరములందు తప్ప, సరిహద్దుల కావలి యుద్ధకార్యములకు మన రాబడిని వాడుటకు పార్లమెంటు ఉభయసభల సమ్మతి కావలెను. 1896 జూలైలో ఆ సమ్మతి లభించెను. కామన్సు సభలో జాన్ మోర్లీ ఎదిరించియు ఫలము లేకపోయెను. పన్ను కట్టిన మన జనులకు ఆ సభ నెన్నుకొను హక్కు లేదు.

అప్పటికే, 1895లో, వెల్బీ ప్రభువు అధ్యక్షతన వ్యయవిచారణకై ఒక రాయల్ కమీషను ఏర్పడి యుండెను. దాదాభాయి నౌరోజీ అందు సభ్యుడు. 1897లో గోఖలే, వాచా, సురేంద్రనాథ బెనర్జీలును, మదరాసునుండి జి. సుబ్రహ్మణ్యయ్యరును దాని యెదుట సాక్ష్యమిచ్చిరి. 1900లో వెలువడిన నివేదికలో, 1839నుండి బొంబాయి ప్రభుత్వపు పాలనలోనున్న ఏడెను రేవు సైనికవ్యయములో సగము బ్రిటను భరింపవలెనని అధికసంఖ్యాకులు సూచించిరి. నౌరోజీ, వెడ్డర్‌బర్న్, కెయిన్‌లు వేరుగా తమ యభిప్రాయమును వ్రాసిరి. సగమైనను, ఆ కావలి మన యొక్కరి మేలుకొరకే కాదని యొప్పుకొన్నట్లాయెను.

1939 నవంబరు ఒప్పందమున దేశము వెలుపల పోరాడు మన సేనల వ్యయములో అధికభాగము బ్రిటను తలకెత్తుకొనెను. అందువలనను, బ్రిటనుకై యిచ్చట కొన్న సరకుల వెలవలనను, యుద్ధము ముగియునప్పటికి మనకు రావలసిన బాకీ సుమారు 130 కోట్ల పౌండ్లకు పెరిగెను. అయితే ఆ సొమ్ము చేతికి రాకమునుపే ధరలు మండి, యుద్ధకాలపు కష్టమును మన జనులు అనుభవించిరి.

కావలి యెవరి చేనికో కూలి వారిదే యని మన పల్లెలలో ఎల్లరు నెరిగిన ధర్మము. సామ్రాజ్యపు లెక్కలలో దానికి చోటు దొరకుటకు ఇంతకాలము పట్టెను.