మేనరికం

చుట్టరికం, పెద్దరికంలో లాగే ఇక్కడా ‘రికం’ బంధాన్నో స్థితినో చెప్పే ప్రత్యయం. ‘మేన’ మాత్రం అందరికీ అతకదు. మేనమామ, మేనత్త ఉన్నారు; వాళ్ల పిల్లలు వరసైనవాళ్లు. పినతండ్రి, పెదతల్లి పిల్లలు అన్నాచెల్లెళ్లే. మాట గీసిన ఈ గీత పెళ్లికి వరస చెబుతుంది గానీ జన్యువులకు వరసలు తెలియవు. బాబాయి కూతురితోనూ మేనమామ కూతురితోనూ సగటున పంచుకునేది ఎనిమిదో వంతే. అక్క కూతురితో అయితే నాలుగో వంతు.

ఈ పంపకం బరువు 2014లో గుర్తించిన ఏడీఏ2 అనే ఎంజైము లోపం వంటి అరుదైన జబ్బుల్లో తెలుస్తుంది. చర్మం మీద రక్తనాళాలు వల అల్లినట్టు కనిపిస్తాయి, రోగనిరోధక శక్తి తగ్గవచ్చు, చిన్నతనంలోనే పక్షవాతం రావచ్చు. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యు ప్రతి అందితేనే ఈ జబ్బు వస్తుంది. ఇద్దరూ వాహకులైతే, అంటే లోపమున్న ప్రతి ఒక్కొక్కటి మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ‘తాతల నాటి నుంచీ మేనరికాలు చేసుకుంటున్నాం, ఏమైంది?’ అని గోదావరి జిల్లాల్లో పెద్దలు అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. ఎక్కువ జంటల పిల్లలు ఆరోగ్యంగానే ఉంటారు, మేనరికం కొత్తగా లోపాన్ని పుట్టించదు. ఇంట్లో దాగి ఉన్న లోపం మాత్రం ఒకే బిడ్డలో జంటగా చేరే అవకాశాన్ని పెంచుతుంది. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన కులాల్లో దూరపు సంబంధాలకూ ఈ చిక్కుందని హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 అధ్యయనం చూపింది. ఇంట్లో ఇలాంటి జబ్బు కనబడి ఉంటే, సంబంధం ఖాయం చేసుకునే ముందు జన్యు వైద్యుల సలహా తీసుకోండి.