ఒకే సురక్షిత మార్గంలో అనేక సేవలు: ఎస్‌.ఎస్‌.హెచ్‌. పరిణామం

1990ల తొలినాళ్లలో దూరంలోని కంప్యూటర్‌పై పనిచేయడానికి టెల్‌నెట్‌ను, ఫైళ్లు పంపడానికి ఎఫ్‌.టి.పి.ని విరివిగా వాడేవారు. ఈ రెండూ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్లుగానే నెట్‌వర్క్‌పై పంపేవి. మార్గమధ్యంలో ఎవరైనా పొంచి ఉంటే దానిని తేలికగా చదవగలిగేవారు.

ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో 1995లో ఇదే జరిగింది. నెట్‌వర్క్‌లో ప్రయాణిస్తున్న పాస్‌వర్డ్‌లను గుట్టుగా సేకరించిన ఉదంతం బయటపడింది. దానికి విరుగుడుగా అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ సెక్యూర్ షెల్‌ను రాసి, అదే ఏడాది జులైలో అందరికీ ఉచితంగా అందించాడు. ఎఫ్‌.టి.పి.కి చెందిన 21, టెల్‌నెట్‌కు చెందిన 23 నడుమ ఖాళీగా ఉన్న 22వ పోర్టు దీనికి దక్కింది.

సెక్యూర్ షెల్ ప్రాముఖ్యం గుప్తీకరణతోనే ముగియలేదు. ఒకే అనుసంధానాన్ని అనేక ‘ఛానళ్లు’గా విభజించడం దాని రెండో విశేషం. ఒక ఛానల్‌లో ఆదేశాలు, మరొకదానిలో ఫైళ్లు, ఇంకొకదానిలో డేటాబేస్ సమాచారం ఏకకాలంలో సాగుతాయి. ప్రతి ఛానల్‌కూ ఒక సంఖ్య, తీసుకోగల సమాచారానికి ఒక పరిమితి ఉంటాయి. పోర్టు ఫార్వర్డింగ్ ద్వారా, ఉదాహరణకు, సర్వర్‌లోని 5432వ పోర్టులో నడిచే పోస్ట్‌గ్రెస్‌ డేటాబేస్‌ను బయటి ప్రపంచానికి తెరవకుండానే వాడుకోవచ్చు.

1999లో ఓపెన్‌బి.ఎస్‌.డి. బృందం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను విడుదల చేయడంతో స్వేచ్ఛగా వాడుకోగల రూపం స్థిరపడింది. 2004లో వచ్చిన దాని 3.9 సంచిక, ఒకసారి ఏర్పడిన అనుసంధానాన్నే తరువాతి సెషన్లూ పంచుకునే వీలు కల్పించింది. 2006లో ఆర్‌.ఎఫ్‌.సి. 4254 ఛానళ్ల పద్ధతిని ప్రామాణిక పత్రంగా నమోదు చేసింది.

అయితే ఈ సౌలభ్యానికి మూల్యం ఉంది. మూల అనుసంధానం తెగితే దానిపై ఆధారపడిన సేవలన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. ఒక ప్యాకెట్ దారిలో పోతే, అది తిరిగి వచ్చేదాకా అన్ని ఛానళ్లూ వేచి ఉండాలి. పంచుకున్న అనుసంధానంలో కొత్త సెషన్‌కు మళ్లీ గుర్తింపు అడగరు. కాబట్టి వినియోగదారుని కంప్యూటర్ పరాధీనమైతే సర్వర్ తలుపు కూడా తెరచుకున్నట్లే.

పాస్‌వర్డ్ దొంగతనాన్ని అరికట్టడానికి పుట్టిన సాధనం, క్రమంగా అనేక సేవల భారాన్ని ఒకే మార్గంపై ఉంచింది. దారిలో పొంచి ఉన్నవారి భయం తగ్గింది కాని, దారికి రెండు కొసలనూ కాపాడుకోవలసిన బాధ్యత పెరిగింది. ఈ పరిణామంలో విద్యార్థులు ముఖ్యంగా గ్రహించవలసిన విషయం ఇదే.