కాలువ తవ్వినోళ్ల పిల్లలు, ఇంజనీరింగ్ చదువు

కె.సి. కెనాల్ కట్టింది ఎవరంటే చరిత్ర పుస్తకాలు కంపెనీ పేరు చెబుతాయి. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల నుంచి కడప దాకా తవ్వించింది. నష్టాలొచ్చాక 1882లో సర్కారు కొనేసుకుంది. తట్ట మోసినోళ్ల పేర్లు ఏ రికార్డులోనూ లేవు. 1876-78 ధాత కరువులో కర్నూలు, కడప జిల్లాల జనం కరువు పనులకు పోయారు. 1877లో రిచర్డ్ టెంపుల్ మనిషికి రోజుకి ఒక పౌను గింజలు, పైన ఒక అణా కూలి చాలన్నాడు. తవ్విన మట్టిని కొలిచేది పబ్లిక్ వర్క్స్ ఇంజనీరు. మాల, మాదిగ పల్లెలు ఇంజనీరును మొదట చూసింది గుంతలోంచి తలెత్తే!

శ్రీశైలం డ్యాం నాటికీ అంతే. 1981లో ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు పరిహారం లెక్క పొలాన్ని బట్టి, ఇంటిని బట్టి జరిగింది. పొలం లేనోడికి పోయిన కూలిపని ఏ లెక్కలోకీ రాలేదు.

అందుకే పిల్లోణ్ని ఇంజనీరును చేయాలన్న తల్లిదండ్రుల ఆశను 'సాఫ్ట్‌వేర్ మోజు' అని కొట్టిపారేసే పెద్దల మాట నాకు మింగుడుపడదు. ఆ ఆశలో జీతం ఉంది, నిజమే. టేపు పట్టుకుని గట్టు మీద నిలబడాలన్న కోరిక అంతకన్నా పాతది.

దీన్ని అంబేద్కర్ ముందే పట్టుకున్నాడు. వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా 1942లో ఇచ్చిన మెమొరాండంలో, ఆర్ట్స్, లా చదువులు మనోళ్లకు పెద్దగా అక్కరకు రావనీ, సైన్సు, టెక్నాలజీ చదువులకు స్కాలర్‌షిప్పులు కావాలనీ అడిగాడు. నీటిపారుదల, విద్యుత్తు కూడా అప్పుడు ఆయన శాఖ కిందివే. 1944లో షెడ్యూల్డ్ కులాలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు మొదలైంది. ఫీజు రీయింబర్స్‌మెంటు 2008లో ఎవరో దానమిచ్చినట్టు మాట్లాడేవాళ్లు ఈ తేదీ గుర్తుపెట్టుకోవాలి. 2008 పథకం బి.సి.లకు, ఇతర పేదలకు పెద్ద మేలు చేసింది, కాదనను. దళితులకు మాత్రం అది అంతకుముందే పోరాడి తెచ్చుకున్న హక్కు.

కాలేజీల కథ వేరు. రాయలసీమకు మొదట అనంతపురం ప్రభుత్వ కాలేజీయే దిక్కు. తర్వాత కడపలో కె.ఎస్.ఆర్.ఎం., కర్నూలులో పుల్లారెడ్డి కాలేజీ వచ్చాయి. కాపిటేషన్ ఫీజును 1983 చట్టం నిషేధించింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసు తీర్పు సీట్లను ఫ్రీ, పేమెంట్ అని విడదీసింది. రిజర్వేషన్ సీటుంది సరే, ఎంసెట్ కోచింగ్ ఎక్కడ? హాస్టల్లో లెక్కలు చెప్పే సారు ఎక్కడ? 2008లో వచ్చిన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పదో తరగతి మార్కులతోనే సీటిచ్చి, తర్వాత సర్కారు బడి పిల్లలకు 0.4 పాయింట్లు కలిపింది. కూలోళ్ల ఇంటి దాకా వచ్చిన ఏర్పాటు నా లెక్కన అదొక్కటే.

2021లో ఫీజు తల్లుల ఖాతాలో వేసే పద్ధతి వచ్చింది, 2024లో ప్రభుత్వంతోపాటు అదీ మారింది. డిగ్రీ పట్టుకుని పిల్లలు పోతున్నది బెంగుళూరు, హైదరాబాదు కంపెనీలకు. అక్కడ రిజర్వేషన్ లేదు. రిజర్వేషన్ ఉన్న ఇరిగేషన్ శాఖలో కె.సి. కెనాల్ మీద పనిచేసే ఇంజనీర్లలో మాల, మాదిగ పిల్లలు ఎందరు? విద్యార్థి సంఘాలు కర్నూలు, కడప ఆఫీసులకు పోయి ముందు ఆ లెక్క అడగాలి.