సాక పోసే సారా

తిరుమలాయపాలెంలో పొద్దుగూకే వేళ తాటివనం వైపు నడిస్తే మోకు, ముత్తాదు భుజాన వేసుకుని గౌడన్నలు ఎదురవుతారు. ఇక్కడి నేల ఇచ్చేది తాటికల్లు. ఖమ్మం దాటి ఇల్లందు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా గోదావరి వైపు పోయేకొద్దీ తాళ్లు పలచబడి ఇప్పచెట్లు మొదలవుతాయి. చెట్టు మారితే కుండలోదీ మారుతుంది.

జపాన్‌లోని ఇబారాకి ప్రాంతంలో సూదో హొంకే అనే ఇంటివాళ్లు 1141 నుంచీ బియ్యంతో సాకె చేస్తున్నామని చెప్పుకుంటారు. ఊరి నీళ్లు, ఊరి వడ్లు, ఊరి చలి కలిస్తేనే ఆ రుచి అంటారు. మన గోదావరి అడవుల్లోని కోయవాళ్ల ఇప్పసారాది ఇంకా పాత వంశం. మధూకపుష్పాల, అంటే ఇప్పపూల ఆసవం సంగతి చరకసంహితలోనే ఉంది. దానికి లేనిది వంశవృక్షం కాదు, గుమ్మం మీద బోర్డు.

ఇప్పపువ్వు రాలేది ఫాల్గుణ చైత్రాల్లో, చెట్టుకు ఆకు కూడా సరిగా లేని రోజుల్లో. పువ్వంటే పల్చటి రేకులని ఊహించుకోవద్దు. కండపట్టి, లేత పసుపు రంగులో, చిన్న ముత్యంలా ఉంటుంది. రాత్రి పూచి తెల్లవారేసరికి రాలుతుంది. ఎలుగుబంటికి ఇదంటే ప్రాణం కాబట్టి చీకట్లో ఒంటరిగా వెళ్లరు. చెట్టుకింద ఆకులు ఊడ్చి, ఆడవాళ్లూ పిల్లలూ బుట్టలతో ఏరతారు. ఏ చెట్టు ఏ ఇంటిదో రాతకోతలు లేకుండానే అందరికీ తెలుసు. రాలింది పువ్వే కాబట్టి కొమ్మన కాయ నిలుస్తుంది. కొన్నాళ్లకు ఇప్పపలుకు, దాని నుంచి వంటనూనె. ఒకే చెట్టు రెండు పంటలు!

ఏరిన పూలు ఎండబెడితే ఎర్రబారి కిస్‌మిస్‌లా ముడుచుకుంటాయి. ఎండు పువ్వులో సగానికి పైగా చక్కెరే. కరువుకాలంలో ఉడకబెట్టుకుని తిన్నదీ ఇదే, సారాకి నానబెట్టేదీ ఇదే. కుండలో నీళ్లు పోసి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం ఉంచుతారు. పులియబెట్టే ఈస్టు పువ్వు మీదే ఉంటుంది, కొనక్కర్లేదు. బుడగలు తగ్గాక పొయ్యి వెలిగిస్తారు. కుండమీద కుండ, ఆ పైన చన్నీళ్ల గిన్నె, సందులకు బంకమట్టి. ఆవిరి చల్లటి అడుగుకు తగిలి బొట్లు బొట్లుగా దిగుతుంది. మొదట దిగేది మంట, చివర దిగేది నీళ్లు. మధ్యలో ఎక్కడ ఆపాలన్నదే పనితనం. న్యాయంగా చెప్పాలంటే సాకెకి అసలు చుట్టం మన తాటికల్లే. అవి రెండూ పులియడంతో ఆగిపోతాయి. ఇప్పసారా ఒక మెట్టు పైకెక్కి బట్టీ దాకా పోతుంది.

దిగిన సారాలో మొదటి చుక్కలు నేలకు, పెద్దలకు, వేల్పులకు. మన ఊళ్లలో అమ్మవారికి సాక పోయడం తెలిసిందే. జపాన్‌వాళ్లూ గుళ్లో దేవుడికి సాకె పెడతారు. సాక, సాకె అని పేర్లు కలవడం ఉత్త కాకతాళీయం, పద్ధతి మాత్రం ఒకటే.

బోర్డు ఎందుకు లేదంటే, అబ్కారీ వల్ల. 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లిన భద్రాచలం తాలూకా 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిసింది. తిరుమలాయపాలెం వైపు నిజాం పాలనే మిగిలింది. దొరలు వేరైనా అబ్కారీ గుత్తేదారు రెండువైపులా ఉన్నాడు. మన్యంలో ఇంటివాడకానికి కల్లు గీసుకున్నా తప్పేనన్నారు. గీత హక్కు గుత్తకిచ్చారు. దానిమీద స్థానిక దొర అయిన మన్సబుదారు వేసే చిగురుపన్ను. 1879 మార్చిలో రంపలో ఫితూరీ లేచింది. జులైకల్లా భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి పాకింది. అక్కడ పోడు మీద ఆంక్షలూ తోడయ్యాయి. కల్లుకుండ మీద పన్ను వేసి సర్కారు కొనితెచ్చుకున్న యుద్ధమది. విచిత్రమేమంటే, అదే మన్యంలో 1922లో ఫితూరీ లేపిన అల్లూరి సీతారామరాజు అంతకుముందు తాగుడు మానమని ఊరూరా చెప్పినవాడు.

జపాన్ ప్రభుత్వమూ 1899లో ఇళ్లలో సాకె చేసుకోవడాన్ని నిషేధించింది. కారణం అదే, మద్యం పన్ను అప్పట్లో దాని ఖజానాకి పెద్ద దిక్కు. తేడా ఏమిటంటే, అక్కడ ఊరి సాకెశాలలకు అనుమతులిచ్చి నిలబెట్టారు. 2024లో ఆ విద్యకు యునెస్కో గుర్తింపు దక్కింది. ఇక్కడ కాచేవాడు నేరస్థుడయ్యాడు.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడటం న్యాయమే. వాళ్ల పోరాటంతోనే 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. తాగుబోతు మొగుడితో వేగే ఇల్లాలికి ఏ పువ్వు సారా అయితేనేం? కానీ నల్లబెల్లం, పటిక, ఇంకా ఏమేమో కలిపి కాచే గుడుంబానూ ఇప్పసారానూ ఒకే గాటన కట్టడం మాత్రం తప్పు. ఒకటి వ్యాపారం, ఇంకొకటి ఇంటి విద్య. షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపదార్థాలపై అదుపు గ్రామసభకు ఉండాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. మధ్యప్రదేశ్ ఇప్పసారాకి వారసత్వ మద్యమని పేరుపెట్టి ఆదివాసీ సంఘాలకు తయారీ హక్కు ఇచ్చింది. మనవైపు ఆ ఆలోచన ఇంకా పొయ్యెక్కలేదు.

శ్రీరామనవమికి భద్రాచలం వెళ్లేవారికి ఒక మనవి. పువ్వు రాలేదీ ఆ రోజుల్లోనే. దారిలో తెల్లవారుజామున బండి ఆపితే, ఊడ్చి శుభ్రంగా ఉన్న ఇప్పచెట్టు కింద మాత్రం నడవకండి. అది ఎవరో ఒకరి కళ్లం.