నిరీక్షణ (తెలుగు క్రైస్తవ సంప్రదాయం)

తెలుగు క్రైస్తవుల నోట ‘నిరీక్షణ’ అంటే ఆశ. మిగతా తెలుగువాళ్లకు అదే మాట ఎదురుచూపు. ఈ రెండర్థాలూ ఒకదానికొకటి దూరమైనవేమీ కావు. ఈక్షణ అంటే చూపు. వస్తుందని నమ్మినదాని మీద నుంచి కన్ను తిప్పకుండా ఉండటమే నిరీక్షణ. కొత్త నిబంధన గ్రీకులో ‘ఎల్పిస్’ అని ఉన్నచోట తెలుగు బైబిలు చాలాసార్లు ఈ మాటనే వాడింది. ‘ఆశ’కు మన భాషలో అత్యాశ, దురాశ అనే తోబుట్టువులున్నాయి. నిరీక్షణకు అలాంటి చుట్టాలు లేరు. పాత నిబంధన హీబ్రూలో ‘తిక్వా’ అనే మాటకు ఆశ అనీ, తాడు అనీ రెండర్థాలు. యెరికో పట్టణంలో రాహాబు తన కిటికీకి కట్టిన ఎర్రదారానికి వాడిన మాట కూడా ఇదే. మునిగేవాడికి ఆశా, తాడూ ఒకటే కదా.

దుఃఖంలోనూ నిస్పృహలోనూ క్రైస్తవ విశ్వాసం ఇచ్చే ఊరటకు తెలుగు నేల మీద రెండు శతాబ్దాలకు మించిన చరిత్ర ఉంది. అందులో అన్నిటికంటే బలమైన అధ్యాయం ఒంగోలు చుట్టుపక్కల, ధాత కరువులో నడిచింది.

బైబిల్లోనూ తొలి సంఘంలోనూ

ఈ నిరీక్షణ కన్నీళ్లను కాదనదు. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా విలాపాలే. 88వ కీర్తన అయితే చివరిదాకా చీకట్లోనే నడిచి చీకట్లోనే ముగుస్తుంది. దాన్ని గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు. క్రీ.పూ. 586లో యెరూషలేము కూలినప్పటి దుఃఖం విలాపవాక్యాలుగా మిగిలింది. ఆ పుస్తకంలో ఆశ కనిపించేది సరిగ్గా నడిమధ్యన, మూడో అధ్యాయంలో. ఆ తర్వాత మళ్లీ ఏడుపే.

క్రీ.శ. 50 ప్రాంతంలో థెస్సలొనీక సంఘానికి పౌలు రాసిన మొదటి ఉత్తరంలో చావు గురించిన బెంగ కనిపిస్తుంది. క్రీస్తు తిరిగి రాకముందే పోయిన తమవాళ్ల గతి ఏమిటని అక్కడివాళ్లు కలత పడ్డారు. ఏడవవద్దని పౌలు వాళ్లకు చెప్పలేదు. ఏ ఆశా లేనివాళ్లలా ఏడవవద్దన్నాడు. తెలుగు ఊళ్లలో క్రైస్తవుల భూస్థాపన జరిగేటప్పుడు తరచుగా చదివే భాగాల్లో ఇదొకటి.

చనిపోయినవాళ్లను ‘నిద్రించినవారు’ అనే అలవాటూ అప్పటిదే. శ్మశానానికి తొలి క్రైస్తవులు వాడిన ‘కొయిమెతేరియోన్’ అనే గ్రీకు మాటకు పడుకునే చోటు అని అర్థం. ఇంగ్లిషు వాళ్ల సెమెటరీ అందులోంచి పుట్టిందే. రోము నగరం కింది భూగర్భ సమాధుల గోడల మీద లంగరు బొమ్మలు చెక్కి ఉన్నాయి. నిరీక్షణను ఓడ లంగరుతో పోల్చింది హెబ్రీయులకు రాసిన పత్రిక. 387లో తల్లి మోనికా పోయినప్పుడు అగస్టీన్ కన్నీటిని బిగపట్టుకున్నాడు, ఆ తర్వాత ఆపుకోలేక ఏడ్చాడు. ఆ సంగతి తన ఆత్మకథలో దాచకుండా రాసుకున్నాడు.

తెలుగులోకి

లండన్ మిషనరీలు 1805లో విశాఖపట్నం చేరారు. 1818 నాటికి కొత్త నిబంధన తెలుగులో అచ్చయింది. అయితే పుస్తకం చదవలేనివాళ్ల దగ్గరకు ఈ మాటను మోసుకెళ్లింది పాట. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరి (1803–1890) కర్ణాటక రాగాల్లో వందకు పైగా కీర్తనలు కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ద్వారా అవి ఇంటింటికీ చేరాయి. చావు ఇంట్లో మాట పెగలనివాళ్లకు పాట తోడవుతుంది. ఆ పాట పరాయి బాణీలో కాకుండా తమకు తెలిసిన రాగంలో, తాళంలో వినబడటం చిన్న సంగతి కాదు.

ఒంగోలు: కొండ మీద ఐదుగురు

అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఈ మిషన్ని మూసేద్దామన్న ప్రతిపాదన స్వదేశంలో పదేపదే వచ్చింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యువెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు పక్కనున్న కొండెక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థన చేశారు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అనే స్త్రీలున్నారు. కింద కనిపిస్తున్న ఊళ్లలో అప్పటికి వాళ్లను నమ్మినవాళ్లు లేరు. 1862లో మూసివేత మాట మళ్లీ వచ్చింది. ఎవరు పంపినా పంపకపోయినా తాను తెలుగువాళ్ల మధ్యకే వెళ్లి అక్కడే చస్తానని జ్యువెట్ భీష్మించాడు. అలాగైతే నిన్ను పూడ్చడానికైనా ఒక మనిషిని తోడు పంపాలి కదా అని మిషన్ పెద్ద అన్నాడట.

అలా తోడు వచ్చినవాడు జాన్ ఎవరెట్ క్లౌ. 1866లో ఆయన ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. కానీ ఆ ప్రాంతంలో పని అంతకు ముందే ఒక తెలుగువాడి చేతుల మీదుగా మొదలైంది. తోళ్ల వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. దేవుణ్ణి వెతుక్కుంటూ యోగమార్గాల్లో తిరిగినవాడు. 1866లో బాప్తిస్మం పొందాక తనవాళ్ల మధ్య పల్లెపల్లెకూ తిరిగి చెప్పాడు. ఒంగోలు చరిత్ర రాసేవాళ్లు క్లౌ పేరు ముందు రాసి పేరయ్య పేరు తర్వాత రాస్తుంటారు. జరిగిన వరుస మాత్రం అది కాదు.

విశ్వాసులైనవాళ్లకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని మానాలి, విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఊరికి వెట్టిచాకిరీ చేసే మనుషులు వారానికొక రోజు పనికి రామనడం, జాతరలో డప్పు కొట్టబోమనడం అప్పటి పల్లెల్లో మామూలు మాట కాదు. చాలాచోట్ల ఊరు వాళ్ల మీద కక్ష కట్టింది.

ధాత కరువు

ధాత నామ సంవత్సరం, అంటే 1876లో వానలు ముఖం చాటేశాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో ఒక్క మద్రాసు ప్రెసిడెన్సీలోనే సుమారు 35 లక్షల మంది చనిపోయారని అంచనా. పంట లేకపోతే ఊళ్లో పనివాళ్లకు కళ్లం దగ్గర మేర, అంటే ధాన్యంలో వాటా, అందదు. మేర లేకపోతే మాదిగవాడలో పొయ్యి వెలగదు. ప్రభుత్వం సహాయ పనులు పెట్టింది. అయితే ప్రభుత్వ ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ సిఫార్సుతో మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని నిర్ణయించింది. పౌను అంటే అర కిలో కూడా లేదు. మట్టి మోసే మనిషికి ఆ కూలి చాలదని అప్పట్లోనే అభ్యంతరాలు వచ్చాయి.

అదే సమయంలో కృష్ణా డెల్టాను మద్రాసుతో కలిపే బకింగ్‌హామ్ కాలువ తవ్వకం నడుస్తోంది. క్లౌకు కుర్రతనంలో భూముల సర్వే పని చేసిన అనుభవం ఉంది. ఆయన మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకుని, ఆకలిగొన్నవాళ్లను అక్కడికి పిలిచాడు. ఒక్కో సమయంలో మూడు వేల మంది దాకా తట్టా పారా పట్టారు. గుడిసెల వరుసలు వెలిశాయి. కలరా కూడా వచ్చిపడింది. తెలుగు బోధకులే మేస్త్రీలుగా తమ తమ గుంపుల పక్కన నిలబడ్డారు. పని ఆగినప్పుడు కూలీల మధ్య కూర్చుని వాళ్ల గోడు విన్నారు, చావులు విన్నారు. ఆ రోజుల్లో అన్నిటికంటే ఎక్కువగా చెప్పిన వాక్యం మత్తయి సువార్తలోదని, భారం మోసి అలసినవాళ్లను తన దగ్గరకు రమ్మనే క్రీస్తు పిలుపు అదని క్లౌ తర్వాత గుర్తుచేసుకున్నాడు. నెత్తిన మట్టితట్ట ఉన్న మనిషికి ఆ మాట ఎలా వినబడి ఉంటుందో ఊహించాలి. వాళ్లకు అది ఉపమానం కాదు. మెడ నరాలకు తెలిసిన బరువు.

ఇక్కడే ఈ చరిత్రలో నన్ను ఎప్పుడూ ఆపేసే సంగతి ఉంది. జనం బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వనన్నాడు. తిండి కోసం వస్తున్నారన్న మచ్చ వాళ్ల మీదా సంఘం మీదా పడకూడదని సుమారు పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878లో వానలు పడ్డాయి, సహాయ పనులు ముగిశాయి. చేతిలో పంచడానికి డబ్బు లేదు, ఇళ్లకు వెళ్లిపొమ్మని ఆయన చెప్పాడు. జనం కదల్లేదు. మాకు డబ్బు వద్దు, కష్టం చేసుకుని బతుకుతాం, మమ్మల్ని చేర్చుకోమన్నారు. మావాళ్లు ఎందరో పోయారన్నారు.

1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో దిగారు. పొద్దున ఆరు గంటలకు మొదలుపెట్టి, మధ్యాహ్నం కాసేపు ఆపి, సాయంత్రానికి ముగించారు. క్లౌ గట్టునే ఉన్నాడు, తాను ఎవరికీ ఇవ్వలేదు. ఆ ఏడాది చివరికి లెక్క తొమ్మిది వేలు దాటింది.

గింజల కోసం మతం మారారన్న విమర్శ అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ వినిపిస్తుంది. ఆకలికి ఈ ఉద్యమంతో సంబంధం లేదనడం అబద్ధమే అవుతుంది. కానీ గింజలు పంచినన్నాళ్లు తలుపు మూసి, గింజలు అయిపోయాక తెరిచారన్న వాస్తవాన్ని కూడా ఆ విమర్శ లెక్కలోకి తీసుకోవాలి. వరసగా పాడెలు లేచిన వాడల్లో, మాలమాదిగలంటే ఆమడ దూరం జరిగే లోకంలో, తమ పక్కన కూర్చుని పేరు పెట్టి పిలిచి మాట్లాడినవాళ్లను జనం నమ్మారు. ఈ కుటుంబాల పెద్దల నోట విన్న కథలను క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అనే పుస్తకంగా తెచ్చింది. పేరుకు అర్థం ‘చెప్పులు కుడుతూ’ అని.

డిచ్‌పల్లి, మెదక్

నిజాం రాజ్యంలో ఇదే నిరీక్షణ వైద్యం రూపంలోనూ, గుడి కట్టే పని రూపంలోనూ కనిపించింది. కుష్ఠు వచ్చినవాణ్ణి బతికుండగానే చచ్చినవాడిగా చూసే కాలంలో ఇసబెల్ కెర్ అనే స్కాటిష్ వైద్యురాలు, ఆమె భర్త జార్జ్ కెర్ నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఆసుపత్రి కట్టారు. డబ్బిచ్చి ఆదుకున్న రాజా నర్సాగౌడ్ హిందువు. మెదక్‌లో చార్లెస్ వాకర్ పోస్నెట్ తలపెట్టిన కెథడ్రల్ నిర్మాణం పదేళ్లు సాగి, 1924 డిసెంబర్ 25న గుడి తెరుచుకుంది. శిఖరం ఎత్తు 175 అడుగులు. కరువు రోజుల్లో కూలి దొరకాలనే దాన్ని కట్టించారని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆదరణ కూడిక

ఇవాళ తెలుగు క్రైస్తవుల ఇంట్లో చావు జరిగితే ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు. ‘ప్రభువు సన్నిధి చేరారు’ అనీ అంటారు. రాత్రంతా భౌతికకాయం దగ్గర సంఘస్థులు పాటలు పాడతారు. మర్నాడు భూస్థాపన. కొన్ని రోజులకు ఆదరణ కూడిక: పాటలు, వాక్యం, పోయినవాళ్ల గురించి బంధువుల సాక్ష్యాలు, చివర భోజనం. యోహాను సువార్త తెలుగులో పరిశుద్ధాత్మకున్న పేరు ‘ఆదరణకర్త’. ఆ మాటే ఈ కూడికకు పేరైంది. చాలామంది జ్ఞాపకం ఉంచుకునేది ప్రసంగాన్ని కాదు. అన్నం ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టిన అక్కనూ, ఏమీ అనకుండా పక్కన కూర్చున్న సంఘపెద్దనూ గుర్తుపెట్టుకుంటారు.

ఈ సంప్రదాయంలో గాయపరిచే మాటలూ చేరాయి. ఏడిస్తే విశ్వాసం లేనట్టేనని తల్లిని గద్దించేవాళ్లున్నారు. ప్రార్థనలో నమ్మకం చాలక రోగి పోయాడనేవాళ్లూ ఉన్నారు. దీనికి బైబిల్లో ఆధారం లేదు. లాజరు సమాధి దగ్గర, అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ముందు కావలసింది ఆ ఏడ్చిన యేసు. జవాబులు తర్వాత చూసుకోవచ్చు.

2020, 2021 కరోనా కాలంలో పాటా లేదు, కూడికా లేదు. నలుగురు మనుషులతో పూడ్చి వచ్చిన కుటుంబాలు ఫోన్ తెర మీద ఆదరణ కూడికలు పెట్టుకున్నాయి. ఆంక్షలు సడలాక కొన్ని ఇళ్లలో నెలల తర్వాత మళ్లీ జనాన్ని పిలిచి కూడిక జరిపారు. భోజనం పెట్టారు. అప్పటిదాకా ఆ ఇంటివాళ్లకు చావు పూర్తి కాలేదు.

కథోలికులు నవంబర్ 2న సమాధుల పండుగ చేస్తారు. ప్రొటెస్టెంటు సంఘాలు చాలాచోట్ల ఈస్టరుకు చేస్తాయి. ముందు రోజే సమాధులు కడిగి, సున్నం వేసి, బంతిపూల దండలు తెచ్చిపెట్టుకుంటారు. సొంత శ్మశానం లేక చెరువు గట్టునో కాలువ పక్కనో పూడ్చిన ఊళ్లలో ముందు తుప్పలు కొట్టుకోవాలి. ఈస్టరు ఆదివారం ఇంకా చీకటుండగానే కుటుంబాలు కొవ్వొత్తులు పట్టుకుని బయలుదేరతాయి. ఎవరి సమాధి దగ్గర వాళ్లు వెలిగించి, తూర్పుకు తిరిగి నిలబడి, పొద్దు పొడిచేదాకా పాడతారు.